ఊతకర్రల కొలత

"నేనే కాల్చాను" అన్నాడు టోర్క్విల్ మెక్‌రే, మూడోసారి.

"మూడుసార్లు చెప్పావు బాబాయ్. నాలుగోసారి చెబితే నిజమైపోతుందా?" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. జింకల్ని వేలాడదీసే గదిలో కూర్చున్నాం ఇద్దరం. బంగళాలో కూర్చోబెడతామంటే బురద బూట్లతో తివాచీల మీదికి రానన్నాడు. హత్య చేశానని ఒప్పుకున్న మనిషికి తివాచీ గురించి బెంగ! తలుపు బయట కానిస్టేబులు ఉన్నాడు. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. పన్నెండింటికి ఇన్‌స్పెక్టర్ కార్మైకేల్ ఈయన్ని వ్యానెక్కించి ఇన్వర్‌నెస్ పట్నం తీసుకుపోతాడు. ఒకసారి ఆ వ్యానెక్కితే కేసు నా చేయి దాటిపోతుంది. అరవై ఒక్కేళ్ల మనిషి, బతికి బయటకు వస్తాడన్న నమ్మకం నాకు లేదు.

నేను సార్జెంట్ ఇష్బెల్ మన్రోని. పుట్టింది పక్క లోయలోనే. మా నాన్నా టోర్క్విలూ ముప్పై ఏళ్లు ఈ కొండల్లో షికారీలుగా పనిచేశారు. అతిథుల్ని వెంటబెట్టుకుని జింక దగ్గరికి తీసుకెళ్లి, వాళ్లచేత గురి తప్పకుండా కాల్పించడమే వాళ్ల ఉద్యోగం. ఈయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని వాగులు దాటించిన మనిషి. అందుకే కార్మైకేల్ నన్ను కేసుకు దూరంగా ఉండమన్నాడు. అందుకే నేను ఉండదలచుకోలేదు.

జరిగింది ఇంతే. నిన్న, శుక్రవారం పొద్దున్న, గ్లెన్ ఫెర్లాక్ ఎస్టేటు మేనేజరు ఎవాన్ స్ట్రాకన్ లార్చి చెట్ల తోపులో గుండు దెబ్బకి చచ్చిపోయాడు. ఏడూ నలభైకి శవాన్ని చూసి ఫోన్ చేసింది టోర్క్విలే. నిన్నంతా ఎవరినడిగినా తెలీదన్నారు. ఇవాళ ఎనిమిదిన్నరకి టోర్క్విల్ తనంతట తను కార్మైకేల్ ఎదుటికి వచ్చి, ఒక తుపాకీ, కాల్చేటప్పుడు దాన్ని ఆనించే ఒక జత ఊతకర్రలు బల్లమీద పెట్టి, నేనే కాల్చానన్నాడు.

"సరే, నువ్వే కాల్చావనుకుందాం. ఎంత దూరం?"

"నూటపది అడుగులు."

"నిలబడా, పడుకునా?"

"నిలబడే. అక్కడ గడ్డి నడుమెత్తు ఉంటుంది. పడుకుంటే ఏం కనిపిస్తుంది? కర్రలమీద ఆనించి కాల్చాను."

"ఎందుకు కాల్చావు?"

"జింకనుకున్నాను."

"నలభై ఏళ్ల షికారీకి మనిషికీ జింకకీ తేడా తెలీలేదా?"

"మసక వెలుతురు. ముసలి కళ్లు."

"ముసలి చేతులు కూడాను" అన్నాను.

ఆయన గబుక్కున రెండు చేతులూ ఒళ్లో దాచుకున్నాడు. అయినా కనిపిస్తూనే ఉంది వణుకు. రెండేళ్లుగా ఉంది ఆ జబ్బు. అతిథుల ముందు జేబుల్లో పెట్టుకుని నెట్టుకొస్తున్నాడు. కార్మైకేల్ చేతిలో ఉన్న ఆయుధం అదే. గురువారం సాయంత్రం నాలుగూ నలభైకి స్ట్రాకన్ నా ఆఫీసు ఫోన్లో ఒక మాట వదిలాడు: "రేపు ఒకసారి రండి సార్జెంట్. ఒకరి తుపాకీ లైసెన్సు విషయం మాట్లాడాలి. ఫోన్లో వద్దు." ఈ తాలూకా లైసెన్సులన్నీ నా బల్లమీదికే వస్తాయి. ఆ ఒకరు టోర్క్విలేనని, చేతులు వణికేవాడికి లైసెన్సు తీయించేస్తాడని తెలిసి ముందే కాల్చేశాడని కార్మైకేల్ లెక్క. లైసెన్సు పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఎస్టేటు ఇల్లూ పోతుంది. లెక్క బాగానే ఉంది, అదే నా భయం.

గోడకి వరసగా ఊతకర్రలు వేలాడుతున్నాయి. నాలుగు కాళ్లు, పైన తుపాకీ ముందొక చోట, వెనకొక చోట ఆనేందుకు రెండు పంగలు. ఒకే కంపెనీవి, ఒకే పొడవు, మొత్తం ఐదు జతలు కొన్నారు ఎస్టేటువాళ్లు. ఎవరివి వాళ్లు గుర్తుపట్టడానికి పిడికి రంగు టేపు చుట్టుకుంటారు. ఇప్పుడు గోడకి మూడే ఉన్నాయి. నీలం, పసుపు, ఎరుపు. నాలుగోది, తెల్ల టేపుది, ఇవాళ కొండమీదికి వెళ్లింది. ఐదోది, ఆకుపచ్చ టేపుది, కార్మైకేల్ సంచిలో ఉంది.

"ఆ ఎర్రవి ఎవరివి బాబాయ్?"

ఆయన వంగి బూటుకంటిన బురద గోకసాగాడు.

"మా నాన్న పోయినప్పుడు ఆయన తుపాకీ ఎర్ర పట్టీ కత్తిరించి చుట్టుకున్నావు కదా వాటికి. నీవే. మరి సంచిలో ఉన్న ఆకుపచ్చవి?"

"అవీ నావే."

"షోనావి కావా?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా కూతురి పేరు ఎత్తకు ఇష్బెల్. నీకు దణ్ణం పెడతాను."

అదీ సంగతి! షోనా మెక్‌రే, ఒక్కగానొక్క కూతురు, ఈ ఎస్టేటులోనే రెండో షికారీ. స్ట్రాకన్‌తో ఇల్లు ఖాళీ చేసే విషయంలో మొన్ననే అరిచి గోల చేసింది. నిన్న పొద్దున్న ఈయన తోపులోకి వెళ్లేసరికి కూతురి కర్రలు నిలబడి ఉన్నాయి, వాటికి ఎదురుగా శవం ఉంది. కర్రలు తీసి దాచేశాడు. రాత్రంతా ఆలోచించుకుని పొద్దున్నే వచ్చి తలవంచాడు. ఇంకేం చెప్పక్కర్లేదు, మొహమే చెబుతోంది.

"షోనా ఇప్పుడెక్కడ?"

"కొండమీద. హాల్డేన్ గారితో. ఎనిమిదింటికి వెళ్లారు."

"మనిషి పోయి ఒక రోజు గడిచిందో లేదో, షికారా? సిగ్గులేదా ఆయనకి?"

"ఇవాళే ఆయనకి ఆఖరి రోజు. రేపు ఆదివారం కొండెక్కం కదా. షోనాతో వెళ్తానని ఆయనే అడిగారు. నేనే పొమ్మన్నాను."

పోలీసులకు దూరంగా ఉండాలని పంపించాడు. హాల్డేన్ ఏటా అక్టోబరులో వచ్చే అతిథి, పన్నెండేళ్లుగా వస్తున్నాడు. మర్యాదస్తుడు, పొట్టి మనిషి. నిన్న వాంగ్మూలంలో ఎనిమిదిదాకా నిద్రపోయానన్నాడు. రాసుకుని సంతకం పెట్టించుకున్నాను. అంతకుమించి అప్పుడు ఆయన గురించి ఆలోచించలేదు. చెప్పుతో కొట్టుకోవాలి నన్ను నేను.

"లే బాబాయ్. ఆ ఎర్రవి తీసి నువ్వు కాల్చేలాగ నిలబెట్టు."

"ఎందుకు?"

"నిలబెట్టమన్నాను. నువ్వే కాల్చావుగా, మళ్లీ నిలబెట్టడానికేం?"

చేతులు వణుకుతున్నా పని చేతుల్లోనే ఉంది. ఒక్క విసురులో కాళ్లు విడదీసి నిలబెట్టాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. పంగ సరిగ్గా భుజం కింద ఆగింది. జింకల బరువు రాసే సుద్దముక్క తీసుకుని ముందు రెండు కాళ్ల దగ్గర నేలమీద గీతలు గీశాను. టేపు పెట్టి చూశాను. ముప్ఫైనాలుగు అంగుళాలు.

కర్ర పొడవు మారదు. కాళ్లు దగ్గరగా ఉంటే ఎత్తు, చాపితే పొట్టి. ఎవరి భుజానికి సరిపడేలా వాళ్లు చాపుకుంటారు. వంగి కాలిస్తే వణుకు ఆగదు, మునివేళ్ల మీద నిలబడి కాలిస్తే అంతకంటే ఆగదు. నడకలో అడుగు మార్చి మోసం చేయగలిగినవాడు కూడా ఈ కొలత మార్చడు.

"ఇక్కడే ఉండు. వెళ్లొస్తాను" అన్నాను.

బయట కార్మైకేల్ నాకోసమే కాచుకుని ఉన్నాడు. నగరం కోటు, నిగనిగలాడే బూట్లు. పొద్దుటినుంచి ఆ బూట్లు తుడుచుకోవడానికే సగం రుమాళ్లు అయిపోయి ఉంటాయి.

"మన్రో, నిన్ను కాఫీ ఇవ్వమన్నాను. విచారించమనలేదు."

"కాఫీ ఇస్తూనే విచారించాను సార్. తోపు చూసి వస్తాను."

"నా మనుషులు చూశారు. ఫొటోలు తీశారు."

"కొలిచారా?"

"ఏమిటి కొలిచేది? మనిషి ఒప్పుకున్నాడు. తుపాకీ ఇచ్చాడు."

"ఆ తుపాకీ నుంచే గుండు వచ్చిందని తేలిందా?"

"గుండు ఒంట్లోంచి దూసుకుపోయి గట్టులో దిగింది. సోమవారం తవ్విస్తాను."

"మరి ఎస్టేటులో మిగతా రెండు తుపాకులు?"

"అవెందుకు? ఒకటి బీరువాలో ఉంది. ఒకటి ఆ హాల్డేన్ గారి షికారుకి ఇచ్చారు. అతిథుల సెలవు పాడుచేయమంటావా?"

ఒళ్లు మండింది నాకు. చావుకి కారణమైన తుపాకీ ఏదో తేలకముందే ఒకదాన్ని కొండెక్కనిచ్చాడు ఈ మహానుభావుడు.

"నిన్న పొద్దున్న టోర్క్విల్ వంటింటి గుమ్మంలో టీ తాగాడు సార్. వంటావిడ గిల్లీస్ గారే ఇచ్చింది, ఆరూ యాభై అయిదుకి. ఏడూ పదికి గుండు చప్పుడు వింది. రేడియోలో వార్తలు అయిపోయి పాట మొదలైందట. వంటింటినుంచి తోపుకి నడిచి వెళ్తే ఇరవై అయిదు నిమిషాలు."

"బండి ఉందిగా?"

"బండి తాళం షోనా దగ్గర ఉంటుంది. బండి వెళ్లిన చప్పుడు ఆవిడ వినలేదు."

"అయితే షోనా అంటావు" అన్నాడు కార్మైకేల్, మెల్లగా, తీపి తిన్నవాడిలా. "తండ్రి కూతుర్ని కాపాడుతున్నాడు. బాగుంది. ఇద్దర్నీ తీసుకుపోతాను."

నా నోటితో నేనే తెచ్చిపెట్టాను! "పదండి, తోపుకి. గంటన్నర ఇవ్వండి" అన్నాను. ఏ కళనున్నాడో, వచ్చాడు.

తోపు అంచున టోర్క్విల్ చూపించిన చోటుకి తాడు కట్టి ఉంది. శవం పడిన చోటు అక్కడికి నూటపది అడుగులు, మధ్యలో ఏమీ అడ్డం లేదు. మోకాళ్లమీద కూర్చుని గడ్డి పక్కకి తీశాను. కింద మెత్తటి నాచు. ముందొక రెండు, వెనకొక రెండు, నాలుగు గుండ్రటి గుంటలు. వాటిలో నీళ్లు ఊరి ఉన్నాయి. కర్రల మొనలు ఇంత లోతుకు దిగాయంటే, వాటిమీద తుపాకీ, తుపాకీ మీద మనిషి బరువు, చాలాసేపు ఆని ఉన్నాయి. ఎదురుచూశాడు.

టేపు పరిచాను. చేతులు చల్లగా ఉండి అంకె రెండుసార్లు చదవాల్సి వచ్చింది. ముందు రెండు గుంటల మధ్య అరవైనాలుగు అంగుళాలు. ఐదడుగుల నాలుగంగుళాలు.

"చూశారా? టోర్క్విల్‌వి ముప్ఫైనాలుగు. ఇవి దాదాపు రెట్టింపు. ఇది పొట్టి మనిషి చాపుకున్న చాపు."

"ఏటవాలు. జారి ఉంటాయి."

"నాచు చదునుగా ఉంది, నీటి మట్టం చూడండి. జారితే గుంట పొడుగ్గా సాగుతుంది. ఇవి బొట్టు పెట్టినట్టు గుండ్రంగా ఉన్నాయి."

"కూతురు కావచ్చుగా?"

"షోనా తండ్రి పోలిక సార్. ఆరడుగులకి అంగుళం తక్కువ. అది నా పక్కన నిలబడితే నేను దాని గడ్డం దగ్గర ఉంటాను."

నేను గుంటల వెనక ఇంకాస్త గడ్డి తొలగించాను. రెండు బూటు గుర్తులు కనిపించాయి. చిన్న పాదం. చూస్తూ ఉండిపోయాను. మామూలుగా నిలబడి కాల్చేవాడు ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక వేస్తాడు. ఇక్కడ కుడి కాలు ముందుంది. తుపాకీ ఎడమ భుజానికి ఆనించే మనిషి.

"ఎవడో నిలబడ్డాడు. అయితే ఏంటి?" అన్నాడు కార్మైకేల్.

"సార్, మీరు ఏ చేత్తో రాస్తారు?"

"కుడిచేత్తో. పిచ్చా నీకు?"

"కాదు. ఇక్కడ నిలబడ్డవాడు ఎడమచేతివాటం. ఇంకో మాట. నిన్న పొద్దున్న టోర్క్విల్ వచ్చేసరికి కర్రలు ఇక్కడ నిలబడే ఉండాలి, అందుకే కూతురివని తీసి దాచాడు. హంతకుడు వాటిని తీసుకుపోక ఎందుకు వదిలేశాడు?"

"కంగారులో."

"కంగారు కాదు, అలవాటు. గుండు పేల్చాక ఇక్కడి షికారీలు కర్రలు పీకరు. వాటిని అలాగే ఉంచి జింక పడిన చోటుకి నడుస్తారు. పొదల్లో దారి తప్పితే వెనక్కి తిరిగి కర్రలు చూసుకుని మళ్లీ గురి కట్టుకుంటారు. వాళ్లు తమ అతిథులకి నేర్పే మొదటి పాఠం అది. హంతకుడు ఆ పాఠం ప్రకారమే కర్రలు వదిలి శవం దగ్గరికి వెళ్లాడు, చచ్చాడో లేదో చూసుకోవడానికి. ఆ ఎత్తు గడ్డిలో వెతుక్కునేలోగా టోర్క్విల్ ఈ వైపునుంచి వస్తున్న చప్పుడు విన్నాడు. ఇటు తిరిగి రాలేక తోపులోంచి పారిపోయాడు. బయటివాడైతే కర్రలు చంకలో పెట్టుకునే పరిగెత్తేవాడు. వాడికి ఆ పాఠం ఒంటబట్టింది, ఏళ్ల తరబడి."

కార్మైకేల్ నా మొహంలోకి చూశాడు. మొదటిసారి అతని కళ్లలో వెటకారం లేదు. "ఏళ్ల తరబడి ఇక్కడికి వచ్చే పొట్టివాడు, ఎడమచేతివాటం" అని తనలో తను గొణుక్కున్నాడు.

నాకు నిన్నటి వాంగ్మూలం గుర్తొచ్చింది. కలం పట్టుకుని, కాగితం ఏటవాలుగా తిప్పుకుని, సిరా చేతికి అంటకుండా మణికట్టు వంచి పెట్టిన సంతకం. ఎడమచేత్తో.

పరిగెత్తాను. వెనక కార్మైకేల్ బూట్లు బురదలో దిగబడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పదకొండూ ఇరవైకి జింకల్ని వేలాడదీసే గది తలుపు తోశాను. టోర్క్విల్ కూర్చున్నచోటే ఉన్నాడు. ఎర్రకర్రలు తీసి, గీతలు గీసి, అరవైనాలుగు అంగుళాలకి చాపి ఆయన ముందు పెట్టాను. నేను ఐదడుగుల అయిదంగుళాలు. పంగ సరిగ్గా నా భుజానికి వచ్చి ఆగింది.

"తోపులో గుంటలు ఇలా ఉన్నాయి బాబాయ్. ఇది నీ ఎత్తా?"

లేచాడు. కర్రల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏడుపో నవ్వో తెలీని శబ్దం వచ్చింది గొంతులోంచి. "ఇది నా షోనా చాపు కాదు. అది నలభై ఎనిమిది దాటనివ్వదు. నేనే నేర్పాను. ఇది నా షోనా కాదు!" గోడకి ఆనుకుని జారిపోయి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఒక పగలూ రాత్రీ... ఒక పగలూ రాత్రీ నా బిడ్డని హంతకురాలనుకున్నాను ఇష్బెల్."

"బాబాయ్, ఎడమ భుజంతో కాల్చే పొట్టి మనిషి. హాల్డేన్. స్ట్రాకన్‌కీ ఆయనకీ ఏమైనా నడిచిందా?"

"పోయిన ఏడాది శిఖరం మీద, వెనక ఆకాశం తప్ప గుండుకి అడ్డేమీ లేని చోట జింకని కాల్చాడు. కాల్చద్దన్నా వినలేదు. అవతలి వాలులో ఆ గుండు తగిలి జింకల్ని మోసే మన గుర్రం పడిపోయింది, దాన్ని నడిపిస్తున్న మనిషి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. స్ట్రాకన్ అప్పుడు నోరు మూసుకున్నాడు. ఈ ఏడు ఆయన మళ్లీ వచ్చేసరికి, పోలీసులకి చెబుతాను, తుపాకీ పట్టుకోనివ్వను జన్మలో అన్నాడట..." ఫోన్లో స్ట్రాకన్ అన్న ఆ ఒకరు హాల్డేనే. టోర్క్విల్ తలెత్తి నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను.

షోనాని ఆయనతో పంపింది తానేనని ఆ క్షణంలో తెలిసింది ఆయనకి. అంత పెద్ద మనిషి తలుపు దాకా ఎలా వెళ్లాడో నాకు కనిపించలేదు.

పెరట్లో కొండకేసి ఒక టెలిస్కోపు ఎప్పుడూ నిలబెట్టి ఉంటుంది. జింకలు ఏ వాలున ఉన్నాయో రోజూ పొద్దున్నే చూసుకోవడానికి. కానిస్టేబులు అడ్డం వస్తే ఆయన చేత్తో పక్కకి నెట్టాడు. కన్ను ఆనించి బేన్ లూర్ కొండ వాలు మొత్తం వెతికాడు. మైలున్నర దూరం.

"ఉన్నారు. ఇద్దరూ ఉన్నారు. వాగు పైన, హెదర్ పొదల్లో. నూటయాభై అడుగుల్లో కొమ్ముల జింక. అయ్యో... కర్రలు నిలబెట్టేసింది."

"రేడియోలో పిలవండి!" అన్నాడు కార్మైకేల్ రొప్పుతూ.

"రేడియో ఆఫ్ చేసి ఉంటుంది. జింకకి దగ్గరయ్యాక కట్టేస్తాం, అది చప్పుడు చేస్తే అంతా పాడు."

"తుపాకీ ఎవరి దగ్గరుంది?"

"ఇప్పటిదాకా షోనానే మోస్తుంది. కర్రలు నిలబెట్టాక గుండు ఎక్కించి అతిథి చేతికిస్తుంది. ఇచ్చి పక్కన మోకాళ్లమీద కూర్చుంటుంది. కళ్లు జింకమీదే ఉంటాయి. వెనక మనిషి ఏం చేస్తున్నాడో చూడదు." ఆయన మళ్లీ టెలిస్కోపుకి కన్ను ఆనించాడు. "వాడు మాత్రం చూస్తాడు. గుండు ఎటు పోయినా గురి తప్పిందంటాడు. మసకలో, మంచులో, ఆ పొదల్లో ఎవడు కాదంటాడు?"

ఎందుకు చంపుతాడు షోనాని? ఆ ప్రశ్న నా నోట్లోనే ఉంది. అడిగే టైము లేదు.

"సాయుధ దళం రావడానికి యాభై నిమిషాలు" అన్నాడు కార్మైకేల్, ఫోన్ చెవికి పెట్టుకునే.

టోర్క్విల్ వేలు తడిచేసి గాలిలోకి ఎత్తాడు. "గాలి ఇటునుంచి అటే. మోత పెట్టండి! ఏదో ఒక మోత! జింక పారిపోవాలి. జింక లేకపోతే తుపాకీ చేతికివ్వదు. మోత పెట్టండి నాయనా!"

నలభై ఏళ్లలో ఈ మనిషి కొండమీద తుమ్మడం కూడా నేను వినలేదు.

కార్మైకేల్ కారులో దూరి సైరన్ మీట నొక్కాను. లోయంతా ఊళపెట్టింది. కుక్కలు మొరిగాయి, వంటావిడ గుమ్మంలోకి వచ్చి చెవులు మూసుకుంది. కార్మైకేల్ "ఆపు!" అనలేదు. కారు తలుపు పట్టుకుని కొండవైపే చూస్తున్నాడు.

"పరిగెడుతున్నాయి!" అని అరిచాడు టోర్క్విల్ కన్ను తీయకుండా. "మొత్తం మంద! శిఖరం దాటిపోయాయి. చాలు, ఆపు!"

ఆపాను. చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. అర నిమిషం. తర్వాత టోర్క్విల్ నడుముకున్న రేడియో గరగరలాడింది.

"ఎవడా తలమాసినవాడు?" షోనా గొంతు, కోపంతో బుసలు కొడుతూ. "గంటన్నర పొట్టమీద పాకాం! పన్నెండు కొనల కొమ్ములున్న జింక! నాన్నా, ఏంటా గోల?"

టోర్క్విల్ కళ్లు మూసుకున్నాడు. బతికే ఉంది. రేడియో నోటి దగ్గర పెట్టుకునేటప్పటికి ఆయన గొంతు మామూలుగా, రోజూ పనిచెప్పే గొంతులా మారింది.

"జింక పోయిందా?"

"పోక? కొండంతా ఖాళీ."

"అయితే ఇవాళ్టికి అయిపోయింది. తుపాకీ తీసుకో. గుండు తీసెయ్. కర్రలు మడిచి దిగిరా."

"ఇప్పుడే ఆయన చేతికిచ్చాను. ఉండు." గాలి చప్పుడు. ఇంకాస్త గాలి చప్పుడు. "హాల్డేన్ గారు ఒక్క నిమిషం ఆగమంటున్నారు. పోలీసులు మోత ఎందుకు పెట్టారో నిన్ను అడగమంటున్నారు."

వాడు వింటున్నాడు. ఇప్పుడు ఏం చెబితే అది వాడికే చెప్పినట్టు. టోర్క్విల్ నావైపు చూసి, చిన్నగా తల ఊపాడు.

"నన్ను తీసుకుపోతున్నారమ్మా. స్ట్రాకన్‌ని నేనే కాల్చాను. ఒప్పేసుకున్నాను. పోయేముందు నిన్ను ఒకసారి చూడాలని నేనే మోత పెట్టించాను. ఆయనకి ఏం భయం లేదని చెప్పు. పోలీసులు వెళ్లిపోతున్నారు. తుపాకీ ఇచ్చేయమను, దిగిరండి."

ఆ తెలివికి, ఆ ధైర్యానికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దుటినుంచి ఏ అబద్ధాన్ని పీకేయాలని నేను చూశానో, ఆ అబద్ధాన్నే కూతురికి కవచంలా తొడిగాడు. వాడు నమ్మితే చాలు. తనమీదికి ఎవరూ రావడం లేదని నమ్మితే తుపాకీ ఇచ్చేస్తాడు.

"ఏం మాట్లాడుతున్నావు?" షోనా గొంతు ఒక్కసారి పలచబడింది. "నువ్వు కాల్చడమేంటి? నీ చేతులు కప్పు పట్టుకోలేవు!"

"షోనా, వాదించకు. దిగిరా."

"కర్రలు లేకుండా నువ్వు కాల్చలేవు. నీ కర్రలు నిన్న గోడకే ఉన్నాయి, నేను చూశాను!"

"షోనా, ఇక చాలు!" అని అరిచాను నేను, రేడియో మీదికి వంగి. ఆమెకి వినిపించలేదు. మీట నొక్కి పట్టుకుని మాట్లాడుతూనే ఉంది, తండ్రిని కాపాడే తొందరలో ఏడుస్తూ.

"ఏడింటికి నా ఆకుపచ్చవి వెతుక్కుంటూ ఆ గదిలోకి వచ్చాను నాన్నా. నీవి ఉన్నాయి. నావే లేవు. ఎవరితో అయినా ప్రమాణం చేసి చెబుతాను. నావి గురువారం సాయంత్రం సాధనకని హాల్డేన్ గారు తీసుకు..."

అక్కడ ఆగిపోయింది.

రేడియోలో గాలి తప్ప ఏమీ లేదు. టోర్క్విల్ మీట నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాడు. నేను టెలిస్కోపుకి కన్ను ఆనించాను. మంచు తెర పక్కకి జరిగింది. కర్రలు నిలబడే ఉన్నాయి. వాటిమీద తుపాకీ లేదు, హాల్డేన్ ఎడమ భుజానికి ఉంది.